ఒక్కసారే అడిగే బావ

కామాటిపురా, ముంబై
జూలై 9

పోచయ్య బావకు శంకర్రావు నమస్కారం. అక్కకు విడిగా ఇంకొకటి.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్‌లో నీకు సగం వినపడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. పోయినసారి నాకు జ్వరం తగ్గిందని చెబితే, శంకర్ పరిస్థితి బాగాలేదని దేవరకద్ర సంతలో చెప్పుకొచ్చావట. ఇక్కడ మా గదిలో ఫోన్ మాట్లాడితే గ్యాలరీలో ఉన్న పదహారు గదులూ మాట్లాడినట్టే. కాగితమే నయం. కాగితం అడ్డు మాట్లాడదు.

విషయం: నేను కాలేజీలో చేరాను. సాయంత్రం క్లాసు. అరబ్బీ.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

నీ మనవరాలు శ్రావణి మా దగ్గర ఉంటూ ఆస్పత్రి రిసెప్షన్‌లో కూర్చుంటోంది కదా. ఆ ఆస్పత్రికి అరబ్బు దేశాల నుంచి రోగులు వస్తారు. అరబ్బీ ఇంటర్మీడియట్ క్లాసులో చేరి చదివితే దుబాసీ ఉద్యోగం ఇస్తామని అక్కడి మేనేజరు మాట ఇచ్చాడు. లేకపోతే ఇప్పుడున్న కాంట్రాక్టు మార్చితో సరి. ఆ తర్వాత నువ్వన్నట్టు పుణె వెళ్ళి, వాళ్ళ నాన్న అనిల్ పనిచేసే సైటులో కూలీల హాజరు రాయాలి. ఆ పిల్లకు అది ఇష్టం లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది మాత్రం ఎవరికీ చెప్పదు.

మొదట బిగినర్ క్లాసు పాసవ్వాలి, తర్వాతే ఇంటర్మీడియట్. చేరడానికి వెళ్తుంటే వాన. నేను గొడుగు పట్టుకుని తోడు వెళ్ళాను. గుమస్తా కాగితం చూసి, ఎనిమిది మంది లేకపోతే క్లాసు నడవదు, ఏడుగురే వచ్చారు, వెళ్ళిరండి అన్నాడు. శ్రావణి "సరే సార్" అని తలుపు దాకా వచ్చేసింది. ఇంత తొందరగా సరే అనడం ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు బావా. నీ దగ్గరే.

గుమస్తా నా వైపు చూసి, చాచా, మీరు చేరకూడదా అన్నాడు. నాకెందుకు బాబూ అన్నాను. ఊరికే కూర్చోండి చాచా అన్నాడు. ఈ వయసులోనా అన్నాను. అక్కడ ఫ్యాను కింద కుర్చీ ఉంది అన్నాడు. సరే, నువ్వు అంతగా అంటుంటే అన్నాను. మర్యాద తెలిసిన మనిషి. మూడుసార్లు అడిగాడు.

మాట వచ్చింది కాబట్టి గుర్తు చేస్తున్నాను. మీ పెళ్ళయిన కొత్తలో అక్కను చూడడానికి నేను దేవరకద్ర వచ్చినప్పుడు, కూర గిన్నె పట్టుకుని నా ముందు నిలబడి "ఇంకింత ఎయ్యాల్నా" అన్నావు. "వద్దు బావా" అన్నాను. వెళ్ళిపోయావు. మళ్ళీ వస్తావని విస్తరి ముందు చెయ్యి ఎండిపోయేదాకా కూర్చున్నాను. మా చాలులో, అంటే ఈ వరస గదుల ఇంట్లో, తలుపు ముందు నుంచి పోయేవాణ్ని చాయ్ తాగమని పిలిస్తే, వాడు ఇప్పుడే తాగానంటాడు. లాగి కూర్చోబెట్టాలి. మొదటిసారికే కూర్చునేవాడు ఆశపోతు, ఒక్కసారే అడిగేవాడు పిసినారి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు తెలిసిన లోకం ఇది. ఆ కూర వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

నీ బావమరిది,
శంకర్రావు

*

దేవరకద్ర
జూలై 24

బామ్మర్దీ,

ఉత్తరం అందింది. నవ్వుడు ఇంకా అయిపోలే.

నువ్వు తెలుగు రాస్తెనే ఎద్దు ఉచ్చ పోసినట్టుంటది. ఇగ అరబ్బీ రాస్తె ఎట్లుంటదో ఆ దేవునికెరుక. ఫాక్‌లాండ్ రోడ్డు ప్రెస్సుల ముప్పై ఏండ్లు పెండ్లి కార్డులు అచ్చేసినవ్, పెండ్లికొడుకు పేరు చదివినవా ఎన్నడన్న?

కూర సంగతి. నువ్వు వద్దన్నవ్. వద్దంటె వద్దనే కద. మనిషి నోటిమాట మీద నాకు నమ్మకం. గిన్నె ముందట నాటకాలు నాకు రావు. నలభై ఏండ్ల సంది ఇదే పాట పాడుతున్నవ్, ఆనాడు కూరకు కోసిన యాట కూడ ఇంత ఒర్రలే.

పోరికి తోడు కూసుంటున్నవ్, అది మంచి పని. మధ్యల లేచిరాకు.

పోచయ్య

అక్క రాయమన్నది: మోకాళ్ళకు ఆవనూనె రాసుకోవాల్నట.

*

కామాటిపురా
ఆగస్టు 30

బావా,

పెళ్ళికొడుకు పేరు చదవలేదు, నిజమే. ఉర్దూ కార్డు వస్తే పూల అంచు చూసి ఏది తలో ఏది కాలో తెలుసుకునేవాణ్ని. ఇప్పుడు అవే గీతలు నన్ను చూసి తలాడిస్తున్నాయి. మొదట్లో ఒక వేషం, మధ్యలో ఒక వేషం, చివర ఒక వేషం. ఒక్కో అక్షరం మా ఆవిడ రత్నాబాయి లాంటిది: ఒంటరిగా ఉంటే ఒక తీరు, పక్కన మనుషులుంటే ఇంకో తీరు. ఈ వాక్యం ఆమెకు చదివి వినిపించలేదు.

క్లాసులో మేడం మంచావిడ. నన్ను మొదటి బెంచీలో కూర్చోబెట్టింది, చెవుల కోసం. మిగతావాళ్ళలో ప్రథమేశ్ అని ఒకడు, అత్తరు దుకాణంలో పని. హితేష్ అని ఇంకొకడు, వాళ్ళ నాన్న బియ్యం ఎగుమతి చేస్తాడు. అందరికీ ఏదో కారణం ఉంది. నువ్వెందుకు నేర్చుకుంటున్నావు అని అడిగితే అరబ్బీలో జవాబు చెప్పడం మొదటి పాఠం. నేను "కుర్చీ కోసం" అన్నాను. మేడం నవ్వి, వాక్యం తప్పులేదు అంది.

నీకు తెలియకుండా నువ్వూ అరబ్బీ మాట్లాడుతున్నావు బావా. జిల్లా, తాలూకా, వకీలు, జవాబు, అసలు, నకలు, తయారు. ఇవన్నీ అక్కడి నుంచి నడిచి నడిచి దేవరకద్ర సంతకు చేరినవే. నువ్వు బేరం చేసేటప్పుడు సగం అరబ్బువి.

వాళ్ళకు ఒకరంటే ఒక రూపం, చాలామంది అంటే ఒక రూపం. సరిగ్గా ఇద్దరుంటే దానికి ప్రత్యేకంగా ఇంకొకటి. ఇద్దరు మనుషులను గుంపులో కలపరు. భార్యాభర్తలు, జోడెడ్లు, బావా బావమరిదీ, వీళ్ళ కోసం ఎవరో కూర్చుని ఆలోచించినట్టుంది. ఆ పాఠం నాకు నచ్చింది.

నచ్చనిది ఐన్ అనే అక్షరం. అది గొంతు అడుగు నుంచి రావాలి. గ్యాలరీలో నిలబడి పొద్దున్నే సాధన చేస్తున్నాను. మొదటి రోజు కింది గది శాంతాబాయి పరుగున పైకొచ్చింది.

"కాయ్ జాలా, ఏమైంది అన్నా? చేపముల్లు ఇరికిందా?"

"చదువుకుంటున్నాను."

"చదువు గిట్ల ఏడుస్తదా?" అని వాము కషాయం తెచ్చి పెట్టింది. నేను వద్దన్నాను. ఆమె పోసింది. నేను వద్దన్నాను. ఆమె గ్లాసు చేతిలో పెట్టింది. చూశావా, మర్యాద అంటే ఇది.

శ్రావణికి మాత్రం ఐన్ మొదటి రోజే వచ్చేసింది. అరటిపండు మింగినంత తేలిగ్గా అంటుంది. డ్యూటీ నుంచి వచ్చి అంట్లు తోముతూ క్రియలు వల్లిస్తుంది. నేను తువ్వాలుతో గిన్నెలు తుడుస్తూ అవే తప్పుగా చెబుతాను, అది దిద్దుతుంది. రత్నాబాయి మా ఇద్దరినీ చూసి, "ఈ ఇంట్ల తెలుగు మాట్లాడెటోళ్ళు ఇంకెవరన్న మిగిలిన్రా" అంటుంది.

శంకర్రావు

*

దేవరకద్ర
సెప్టెంబర్ 15

బామ్మర్దీ,

ఆ గొంతు అక్షరం నేను పెరట్ల అనిచూసిన. ఎడ్లు రెండూ తిరిగిచూసినై. నీది ఎవరు చూసిన్రు?

పోరి సన్నగైందా, తింటున్నదా, అది రాయవేమి? అరబ్బు తాలూకాలు నాకెందుకు?

అక్క రాయమన్నది: శాంతాబాయి మంచిదట.

పోచయ్య

*

కామాటిపురా
నవంబర్ 11

బావా,

పోరి తింటోంది. నేను తినడం మానేశాను. భయం.

వచ్చే నెల బిగినర్ పరీక్ష. మొన్న మేడం ఒక సంగతి చెప్పింది: ఇంటర్మీడియట్‌కు కూడా ఎనిమిది మంది కావాలి, అందులో అందరూ ఇది పాసైనవాళ్ళే అయి ఉండాలి. అందరూ బోర్డు వైపు చూడడం మానేసి నన్ను చూశారు. కుర్చీ నింపడానికి వచ్చినవాణ్ని బావా నేను. ఇప్పుడు నేను తప్పితే, ఆ పిల్ల ఎంత బాగా పాసైనా లాభం లేదు. గొడుగు పట్టుకుని తోడు వెళ్ళినందుకు ఇంత శిక్ష ఏ దేశంలోనూ ఉండదు.

ఎందుకింత భయమంటే, పోయిన వారం ఆస్పత్రిలో ఒకటి జరిగింది. యెమెన్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ, స్కానింగు కోసమని పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వరండాలో కూర్చుంది. కొడుకు మందుల షాపుకు వెళ్ళాడు. ఎప్పుడు తినొచ్చో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. శ్రావణి కౌంటర్ వదిలి వెళ్ళి, ఒక గంట తర్వాత తినొచ్చమ్మా అని చెప్పింది. అరబ్బీలో. ఆవిడ దీని చెయ్యి పట్టుకుందట. నీ పేరేమిటి, మీ ఊరేది, మీ అమ్మ ఎక్కడుంది అని అడిగిందట. అవన్నీ మూడో పాఠంలో ఉన్నవే, చెప్పింది. ఆ తర్వాత ఆవిడ ఏదో చాలాసేపు చెప్పుకుంటూ పోయింది, చెబుతూ ఏడ్చింది.

ఇంటికొచ్చాక శ్రావణి నాతో ఏమందో అలాగే రాస్తున్నాను:

"నాకొచ్చిన అరబ్బీ అక్కడికే అయిపోయింది తాతా. ఆమె మాటలు అయిపోలే. నేను ఊకె తల ఊపుకుంట కూసున్న."

ఆ రాత్రి అంట్లు తోముతూ క్రియలు వల్లించలేదు. అందుకే రాస్తున్నాను. అక్కతో చెప్పి పోచమ్మకు ఒక మాట మొక్కుకోమను. అరబ్బీ అని చెప్పనక్కర్లేదు, పరీక్ష అంటే చాలు.

శంకర్రావు

*

కామాటిపురా
డిసెంబర్ 22

బావా,

పాసయ్యాను. ఎలా పాసయ్యానో వింటే నువ్వే ఒప్పుకుంటావు, నలభై ఏళ్ళ గొడవలో న్యాయం ఎవరిదో.

రాత పరీక్షలో నా సంగతి అడగకు. బోటాబోటీ. మాట పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. గడ్డం, కళ్ళద్దాలు, ముందు ఒక కాగితం. ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తాడు. అతను ఇంటి యజమాని, మనం చుట్టం. అతను కూర్చోమంటాడు, కాఫీ ఇస్తాడు, మనం పుచ్చుకుని, బాగుందని మెచ్చుకుని, సెలవు తీసుకోవాలి. పాఠంలో ఉన్నది అంతే. హితేష్ వెళ్ళాడు, కాఫీ అన్నాడు, థాంక్స్ అన్నాడు, బయటికొచ్చాడు. వాడు లోపలున్నంతసేపట్లో నేను నా చెప్పులు కూడా విప్పుకోలేదు.

నేను వెళ్ళాను. రండి, కూర్చోండి అన్నాడు. కూర్చున్నాను.

"తఫద్దల్, కహ్వా," అన్నాడు. దయచేయండి, కాఫీ.

బావా, నేను పాఠం మరిచిపోలేదు. నా ఒళ్ళు పాఠం మరిచిపోయింది. మొదటిసారి అడిగిన ఇంట్లో నేను పుట్టి ఇప్పటిదాకా ఏదీ పుచ్చుకోలేదు. నోటంట వచ్చేసింది:

"లా, షుక్రన్." వద్దండి.

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. కాఫీ పుచ్చుకుంటే గానీ ఆయన కాగితం మీద తర్వాతి ప్రశ్నకు పోలేడు. మళ్ళీ అడిగాడు. ఇంట్లో తాగొచ్చాను అన్నాను. ఇది మంచి కాఫీ అన్నాడు. మీ ఇల్లు పెద్దది, మీ కాఫీ మంచిది, నా కడుపు చిన్నది అన్నాను. ఒక్క గుక్క అన్నాడు. నా భార్య ఎదురుచూస్తోంది అన్నాను. ఆమెను కూడా పిలవండి అన్నాడు. ఆమెకు మోకాళ్ళు నొప్పి అన్నాను. మోకాళ్ళు నావే, కానీ అక్కడ ఎవరు చూడొచ్చారు. మా ఊరి నుంచి మా అక్క వచ్చింది, మా బావ వచ్చాడు, వాళ్ళకు ఇద్దరికీ భోజనం పెట్టాలి అన్నాను. ఇద్దరికీ అనే ఆ ప్రత్యేక రూపం వాడాను, నిన్ను తలుచుకుని. నాకు వచ్చిన ప్రతి మాటా ఆ కాఫీ తప్పించుకోవడానికి ఖర్చయిపోయింది. ఐన్ కూడా ఎక్కడో పలికింది.

చివరికి ఆయన కలం కింద పెట్టి, హిందీలో, "చాచా, మీకు కాఫీ కావాలా వద్దా?" అన్నాడు.

"కావాలి," అన్నాను అరబ్బీలో.

ఆయన ఎంత నవ్వాడంటే బయట ప్రథమేశ్ భయపడ్డాడు. ప్యూనును పిలిచి నిజంగానే చాయ్ తెప్పించాడు. అది కూడా ముందు వద్దన్నాను, తర్వాత తాగాను. ఇంత పొద్దు నాతో అరబ్బీ మాట్లాడినవాళ్ళు ఈ రోజు లేరని చెప్పి పంపాడు. రాతలో పోయింది మాటలో వచ్చింది.

శ్రావణి క్లాసులో మొదటిది. అది చెప్పడమే మర్చిపోయాను చూడు.

శంకర్రావు

*

దేవరకద్ర
జనవరి 4

బామ్మర్దీ,

అక్క పోచమ్మ కాడ కోడిని కోసింది. పోరి ఫస్టు వచ్చిన సంగతి నేను సంతల అందరికి చెప్పిన. నీ సంగతి చెప్తె ఎవ్వరూ నమ్మలే.

వద్దు వద్దనుకుంట పరీక్ష పాసైనోడివి నువ్వొక్కనివే. అయినా న్యాయం నాదే. కావాల్నంటె కావాలె అనొచ్చు కద ముందుగల్లనే. ఆ పెద్దమనిషికి పని లేదు, అందుకే ఇన్నిసార్లు అడిగిండు.

పోచయ్య

*

కామాటిపురా
జనవరి 13

బావా,

ఈ ఉత్తరం సరదాగా రాయడం లేదు.

ఇంటర్మీడియట్‌కు పేర్లు ఇస్తున్నారు. ఏడుగురు ఇచ్చారు. సోమవారం సాయంత్రం నేను గిన్నెలు తుడుస్తుంటే శ్రావణి అడిగింది, "తాతా, పై క్లాసుకు కూడ వస్తవా?" అని.

నేనేమన్నానో నీకు చెప్పాలా? "నాకెందుకమ్మా, ముసలోణ్ని. మీరు చదువుకోండి," అన్నాను. తువ్వాలు చేతిలో పట్టుకుని రెండోసారి కోసం చూస్తున్నాను.

"సరే తాతా," అంది. పళ్ళెం కడిగి బోర్లించి పడుకుంది.

అంతే బావా. ఒక్కసారి. నీ మనవరాలు. కూర గిన్నె అలాగే వెళ్ళిపోయింది.

మంగళవారం అడుగుతుందనుకున్నాను. బుధవారం ఆస్పత్రి నుంచి రాగానే మంచం కింది నుంచి ట్రంకుపెట్టె లాగి దుమ్ము దులిపింది. పుణెలో ఉన్న నాన్నతో ఫోన్‌లో మాట్లాడింది, మార్చిలో వస్తానని. నవ్వుతూనే చెప్పింది. కాలేజీ వాళ్ళు నెలాఖరు దాకా చూస్తారట. ఎనిమిదో పేరు రాకపోతే క్లాసు లేదు.

నేను చెప్పొచ్చు కదా అంటావు. వస్తానమ్మా అని నా అంతట నేను అనాలంటే, నాకు నోరు రావడం లేదు. వద్దన్నవాడు అడగకుండా మళ్ళీ కావాలనడం నాకు అరబ్బీ కన్నా కష్టం. రోజూ సాయంత్రం కాలేజీ టైముకు చొక్కా తొడుక్కుని గ్యాలరీలో కూర్చుంటున్నాను. ఎక్కడికి పోతున్నవని రత్నాబాయి అడుగుతుంది. ఎక్కడికీ లేదంటాను. నా చెవుల కోసం మేడం ఉంచిన ముందు బెంచీ, నన్ను చాచా అని పిలిచే ఆ ఆరుగురు, సగంలో ఆగిపోయిన క్రియలు. నాలుగో క్లాసులో మున్సిపల్ తెలుగు స్కూలు వదిలినప్పటి నుంచి నన్ను ఎవరూ బెంచీ మీద కూర్చోబెట్టలేదు బావా. కుర్చీ కోసం వచ్చానని అబద్ధం చెప్పాను.

రత్నాబాయికి శ్రావణి ఏం చెప్పిందో నిన్ననే తెలిసింది. "తాతకు మోకాళ్ళు నొస్తున్నయ్ అమ్మమ్మా. కాలేజీ మూడు అంతస్తులు. నా కోసం ఎక్కుతడు. వద్దన్నడు, ఇగ నేను ఎట్ల బలవంతపెట్టాలె?" అందట.

దానికి ఎవరు చెప్పాలి బావా?

శంకర్రావు

*

దేవరకద్ర
జనవరి 20
(పోస్టు కార్డు)

బామ్మర్దీ, పై క్లాసుల కూసో.
పోచయ్య

*

దేవరకద్ర
జనవరి 20
(పోస్టు కార్డు)

బామ్మర్దీ, రెండోసారి అడుగుతున్న. మోకాళ్ళకు ఆవనూనె డబ్బ పంపుతున్న. కూసో.
పోచయ్య

*

దేవరకద్ర
జనవరి 20
(పోస్టు కార్డు)

బామ్మర్దీ, మూడోసారి. నా జన్మల ఎవ్వరినీ ఇన్నిసార్లు అడుగలే. పోస్టాఫీసు పోరడు నన్ను చూసి నవ్విండు. కూసో.
పోచయ్య

*

కామాటిపురా
ఫిబ్రవరి 2

బావా,

నీ మూడు కార్డులూ ఒకే రోజు డబ్బాలో వేశావు గానీ, పోస్టు వాళ్ళకు నీ లెక్క తెలియదు కదా. మూడోది ముందు వచ్చింది.

కార్డంటే మూత లేని గిన్నె. శాంతాబాయి కిందే పట్టుకుని చదివేసింది. నా చేతికి వచ్చేసరికి పాలవాడికి, కుళాయి దగ్గర క్యూకు, ఇస్త్రీ బండి దగ్గరికి సమాచారం చేరిపోయింది. "అన్నా, మూడోసారి అంటున్నడు, మొదటి రెండుసార్లు ఎప్పుడు అడిగిండు?" అని శాంతాబాయి నిలదీసింది. రెండూ రాకుండా మూడోదానికి ఎలా ఒప్పుకుంటాను బావా? పద్ధతి అనేది ఒకటుంది. రేపు వస్తాయి, చూద్దాం అన్నాను.

"గడువు ఎల్లుండే," అంది రత్నాబాయి. "ఎడ్డి ముసలాయనా, నీ మర్యాద కోసం పిల్ల పెట్టె సర్దుకోవాల్నా?"

ఆ సాయంత్రం నేను నీళ్ళకు వెళితే క్యూలో ప్రతివాడూ "కూసో కాకా" అనడమే. నేను బకెట్ నింపుకునేలోపు ఎన్నిసార్లు వద్దన్నానో! నిజం చెబుతున్నాను, జన్మలో ఇంత సుఖం ఎరగను.

మర్నాడు మిగతా రెండూ వచ్చాయి. మూడింటినీ వరసగా గోడకు ఆనించి పెట్టాను. డ్యూటీ నుంచి వచ్చి శ్రావణి వాటిని చదివింది. మొదటిది, రెండోది, మూడోది. మళ్ళీ మొదటి నుంచి.

"తాతా, నీకు రావాలనే ఉన్నదా?"

"మోకాళ్ళకు లేదు," అన్నాను.

"నిన్ను అడుగుతున్న."

"వాటినీ రెండుసార్లు అడగాలి."

అప్పుడు నా ముందు కూర్చుని అడిగింది, అరబ్బీలో. "తఫద్దల్." దయచేయండి. లా, షుక్రన్ అన్నాను. మళ్ళీ అడిగింది, ఈసారి తెలుగులో, నా చెయ్యి పట్టుకుని. ఇంకోసారి అడగబోతుంటే నేనే ఆపాను. ఆ పిల్ల కళ్ళు బాగాలేవు. చొక్కా జేబులోంచి నింపిన అర్జీ, ఫోటో తీసి ఇచ్చాను. అవి ఆ సోమవారం నుంచీ అక్కడే ఉన్నాయి. నన్ను కొట్టినంత పని చేసింది.

ఎనిమిది మందిమి అయ్యాం. నిన్న మొదటి క్లాసు. పాఠం పేరు "ఆస్పత్రిలో". శ్రావణి ఒక్క మాట కూడా వదలకుండా రాసుకుంది. ట్రంకుపెట్టె మంచం కిందికి తోసేశాము, ఇప్పుడు దాని మీద నా పుస్తకాలు.

శంకర్రావు

*

దేవరకద్ర
మార్చి 3

బామ్మర్దీ,

పోరికి ఆస్పత్రోళ్ళు కాంట్రాక్టు పొడిగించిన్రట, ఫోన్ చేసి చెప్పింది. ఈసారి మొత్తం వినపడ్డది.

వచ్చే నెల ఊర్ల జాతర. నువ్వు, రత్నాబాయి, పోరి, ముగ్గురూ రాండ్రి.

పోచయ్య

*

కామాటిపురా
మార్చి 12
(పోస్టు కార్డు)

బావా, రావడం కుదరదు. క్లాసులున్నాయి. మా కోసం నువ్వేమీ శ్రమ పడవద్దు.
శంకర్రావు

*

దేవరకద్ర
మార్చి 19
(పోస్టు కార్డు)

బామ్మర్దీ, కుదరదన్నవ్. సమజైంది. యాటను మాట్లాడిపెట్టిన. ఏ బండికి వస్తున్నవో రాయి, టేషన్ కాడ నిలబడ్త. ఈసారి గిన్నె నీ పక్కనే పెడ్త.
పోచయ్య